గ్యాస్ గోళీ చాటున దాగే జబ్బులు

సూర్యాపేటలో మందుల దుకాణం నడుపుతున్న నాకు రోజంతా ఎక్కువగా వినిపించే మాట "గ్యాస్ గోళీ ఒక షీటు ఇయ్యి" అన్నదే. చాలామంది ఖాళీ షీటు వెంట తెచ్చుకుంటారు కాబట్టి మందు పేరు చెప్పవలసిన పని కూడా ఉండదు. గ్యాస్ గోళీలుగా అడిగే పాంటాప్రజోల్ వంటివి వైద్యుడి చీటీ మీదే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ మందులు. ఆ నియమం ఏ మేరకు అమలవుతోందో మందుల షాపు మెట్లెక్కిన వారెవరికైనా తెలుసు.

ఈ మందులు చెడ్డవని నేననను. జీర్ణాశయంలో ఆమ్లం ఊరడాన్ని అవి గట్టిగా తగ్గిస్తాయి, అక్కడి పుండును (అల్సర్) మానుస్తాయి. చిక్కంతా అవి అంత బాగా పనిచేయడంలోనే ఉంది. ఆమ్లం తగ్గగానే అల్సర్ నొప్పి తగ్గుతుంది. ఒక్కోసారి జీర్ణాశయపు క్యాన్సర్ తొలిదశలో కలిగే మంట సైతం కొన్నాళ్లు చల్లబడుతుంది. మనిషి నయమైందనుకుని డాక్టరు దగ్గరకు వెళ్లడం మానుకుంటాడు, లోపలి జబ్బు మాత్రం అలాగే ముదురుతూ ఉంటుంది.

అల్సర్‌కు కారం తినడమూ, దిగులు పడడమూ కారణాలని ఒకప్పుడు వైద్యులే నమ్మేవారు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ రోగుల జీర్ణాశయం నుంచి తీసిన చిన్న ముక్కల్లో కనబడుతున్న హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను 1982లో ప్రయోగశాలలో పెంచగలిగారు. అల్సర్‌కు అదే కారణమంటే తోటివారు ఒప్పుకోకపోవడంతో మార్షల్ 1984లో ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, జీర్ణాశయానికి వాపు తెచ్చుకుని మరీ చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బ్యాక్టీరియా ఉందని తేలితే యాంటీబయాటిక్స్ కలిపిన కోర్సును 10 నుంచి 14 రోజులు విడవకుండా వాడాలి. గ్యాస్ గోళీ ఒక్కటే ఎన్నేళ్లు మింగినా అది పోదు.

అల్సర్‌కు రెండో పెద్ద కారణం మా అరల్లోనే ఉంటుంది. మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు జీర్ణాశయపు లోపలి పొరకున్న రక్షణను దెబ్బతీస్తాయి. మా దగ్గర ప్రతినెలా నొప్పి గోళీలు తీసుకెళ్లే ఒక పెద్దమ్మ ఓ సాయంత్రం రెండు మెట్లెక్కడానికే ఆయాసపడుతూ వచ్చి బలం మందు అడిగింది. కింది కనురెప్ప లోపల చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగితే, "తారు లెక్క నల్లగ అయితుంది బిడ్డా, వేడి చేసిందనుకున్న" అని మజ్జిగ తాగుతున్న సంగతి చెప్పింది. ఆసుపత్రిలో రక్తంలో హిమోగ్లోబిన్ 6కు పడిపోయినట్టు, చిన్నపేగు మొదట్లోని పుండు నుంచి రక్తం కారుతున్నట్టు తేలింది. ఐరన్ మాత్రలు వేసుకునేవారికీ మలం నల్లబడుతుంది గానీ, జిగటగా, భరించలేని వాసనతో వస్తే అది లోపల రక్తస్రావమైందనడానికి గుర్తు. అలాంటప్పుడు తెల్లవారేదాకా కూడా ఆగకూడదు.

ఎర్రటి రక్తం పడితే మనవాళ్లు వెంటనే మొలలని తేల్చేసుకుంటారు. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ పెద్దపేగు క్యాన్సర్‌లోనూ అలాగే పడుతుంది, పరీక్ష చేయకుండా తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ముద్ద గొంతు దిగనట్టుండడం, వాంతులు ఆగకపోవడం, కళ్లు పచ్చబడడం, విరేచనం తీరు మారి వారాల తరబడి అలాగే ఉండడం, యాభై దాటాక కొత్తగా అజీర్తి మొదలవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కౌంటరు దగ్గర మందు అడగడం సరికాదు. చెమటలు పడుతూ, ఛాతీ బరువెక్కి, దవడకో ఎడమ చేతికో లాగుతున్నప్పుడు గ్యాసని సోడా తాగి పడుకునేవారిని చూస్తే నాకు భయమేస్తుంది. వారికి ముందు కావలసింది గుండె పరీక్ష, ఈసీజీ.

ఎండోస్కోపీ అనగానే చాలామంది వెనకాడతారు. 6 నుంచి 8 గంటలు ఏమీ తినకుండా వెళితే, గొంతు మొద్దుబారేలా స్ప్రే కొట్టి సన్నటి గొట్టంతో చూస్తారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. గ్యాస్ గోళీలు వాడుతూనే పరీక్షకు వెళితే పైలోరీ ఉన్నా లేదని రావచ్చు కాబట్టి, డాక్టరును అడిగి వాటిని రెండు వారాల ముందే ఆపవలసి ఉంటుంది. మింగుతున్న ప్రతి గోళీ షీటునూ, నాటుమందు పొట్లంతో సహా, సంచిలో వేసుకుని వెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి.