ద్రాక్షతోటల ఊళ్ళో అమ్మమ్మ

పిల్లల్ని, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మను వెంటబెట్టుకుని వైన్ చేసే ఊళ్ళకు విహారయాత్ర ఏమిటని మా స్నేహితులు కొందరు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. న్యూజెర్సీలో ఉండే మన కుటుంబాలకు నయాగరా దారి బాగా తెలుసు. ఆ దారికి పక్కనే, న్యూయార్క్ రాష్ట్రం మధ్యలో, ఫింగర్ లేక్స్ అని పదకొండు సన్నటి, పొడవాటి సరస్సులున్నాయి. మంచుయుగంలో హిమానీనదాలు తొలిచిన లోయలవి. మనవాళ్ళు ఎక్కువగా ఆ ఊళ్ళ పేర్లు హైవే బోర్డుల మీద చదివి ముందుకెళ్ళిపోతారు. వైన్ అన్న మాట కనబడగానే అది మనకు సంబంధించిన చోటు కాదనుకుంటాం. పిల్లలు ఎదుగుతున్నకొద్దీ ఆ అనుకోవడం నాకు నచ్చడం లేదు.

మన ఇళ్ళలో మందు గురించి మాటలుండవు. ఊరి నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారంటే చాలా ఇళ్ళలో సీసాలు గరాజ్‌లోకి చేరతాయి, వాళ్ళు తిరుగు విమానం ఎక్కాక మళ్ళీ అలమారాలోకి వస్తాయి. పిల్లలు ఇదంతా చూస్తూనే ఉంటారు. బళ్ళో మత్తు పదార్థాల మీద పాఠం చెప్తారు. స్నేహితుల ఇళ్ళలో భోజనాల బల్ల మీద వైన్ గ్లాసు మామూలుగా ఉంటుంది. మన దగ్గర మాత్రం ఆ మాటెత్తితే పెద్దవాళ్ళు టాపిక్ మార్చేస్తారు. ఇక్కడ ఇరవై ఒక్కేళ్ళు నిండేదాకా చట్టం తాగనివ్వదు, నిజమే. కానీ పిల్లలు ఇల్లు వదిలి కాలేజీకి వెళ్ళేది పద్దెనిమిదికి. ఆ మధ్యకాలంలో వాళ్ళకు ఏదైనా సందేహం వస్తే, ఏదైనా ఇబ్బంది వస్తే, ఎవరికి ఫోన్ చెయ్యాలి? మాకే చెయ్యాలని నా కోరిక. అందుకు ఆ మాట ఇంట్లో ముందే పుట్టి ఉండాలి.

అలా ఒక సెప్టెంబరు చివర హ్యామండ్స్‌పోర్ట్ వెళ్ళాం. కియూకా సరస్సు దక్షిణపు కొసన, వెయ్యిమంది జనాభా కూడా లేని ఊరు. సరస్సు ఇంగ్లీషు వై అక్షరంలా రెండు పాయలుగా చీలి ఉంటుంది. ఊరి నడుమ చెట్ల నీడలో చిన్న పార్కు, అందులో బ్యాండు వాయించే మండపం, చుట్టూ పాతకాలపు ఇటుక భవనాలు, నాలుగడుగులు వేస్తే నీళ్ళు. రెండువైపులా నిటారుగా లేచిన కొండల మీద వరసలు వరసలుగా ద్రాక్ష. మా అబ్బాయికి మాత్రం ఇది విమానాల ఊరు. గ్లెన్ కర్టిస్ పుట్టింది ఇక్కడే. 1908 జూలై 4న ఆయన జూన్ బగ్ అనే విమానాన్ని జనం ఎదుట కిలోమీటరుకు పైగా ఎగరేసి బహుమతి గెలిచాడు. ఆయన పేరిట ఉన్న మ్యూజియంలోంచి వాణ్ణి బయటికి లాగడానికి మధ్యాహ్నం అయింది.

అమ్మకు కొండలు నచ్చాయి. నెల్లూరు జిల్లా రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. ఏ ఊరెళ్ళినా ముందు మట్టి చూస్తుంది. ఇంత చలిదేశంలో ద్రాక్ష ఎట్లా బతుకుతుందన్నది ఆమె మొదటి ప్రశ్న. తోటలో పనిచేసే ఒకాయన ఓపిగ్గా చెప్పాడు, నేను తెలుగులో చెబుతూ పోయాను. వేసవి వేడిని లోతైన సరస్సు లోపల పట్టి ఉంచుకుంటుంది, శరదృతువులో మెల్లగా వదులుతుంది, అందువల్ల తొలిమంచు ఆలస్యమవుతుంది. వసంతంలో అదే నీళ్ళు చల్లగా ఉండి చిగుళ్ళను తొందరపడనివ్వవు, కాబట్టి చివరి మంచుకు లేతచిగురు మాడదు. బరువైన చలిగాలి వాలు మీంచి కిందికి జారిపోతుంది.

అయినా యూరప్ ద్రాక్ష ఇక్కడ పండదనే చాలాకాలం అనుకున్నారట. ఆ మాట తప్పని నిరూపించినవాడు కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్. ఉక్రెయిన్‌లో ద్రాక్ష మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త. 1951లో, యాభై దాటిన వయసులో, ఇంగ్లీషు రాకుండా అమెరికా వచ్చాడు. ఇదే రాష్ట్రంలో ఉన్న జెనీవా అనే ఊళ్ళోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఆయనకు దొరికింది బ్లూబెర్రీ మడుల్లో పార పట్టే పని. చలికి తట్టుకునే వేరు మీద యూరప్ తీగను అంటుకడితే బతుకుతుందని ఆయన చెబుతూనే ఉన్నాడు. చివరికి షాంపేన్ పని తెలిసిన ఛార్ల్స్ ఫోర్నియే అనే ఫ్రెంచ్ ఆయన విన్నాడు. 1962లో ఫ్రాంక్ ఈ సరస్సు ఒడ్డునే సొంత వైనరీ పెట్టాడు. అంటు అన్న మాట వినగానే అమ్మ పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి, మామిడికి ఏ కాలంలో కడతారో, కోత ఎంత ఏటవాలుగా ఉండాలో, ఎందుకు గాలి చొరకుండా బిగించాలో వేళ్ళతో చూపించింది. వాళ్ళ బయాలజీ పాఠంలో ఇంత వివరం లేదని మా అమ్మాయి అంది.

తరవాత ఒక వైనరీకి వెళ్ళాం. తిరుగుదారిలో కారు నాది, కాబట్టి నేను తాగలేదు. పిల్లలకు ద్రాక్షరసం పోశారు. మావారు అందరి ఎదుటా, "అత్తయ్యా, నేను కాస్త రుచి చూస్తాను" అన్నారు. అమ్మ ఆయన వైపు ఒక్క క్షణం చూసి, "చెప్పి తాగుతున్నావు, అంతవరకు మేలు నాయనా" అంది. మా అమ్మాయికి ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. పక్క బల్ల దగ్గర ఒకావిడ వైన్ నోట్లో తిప్పి బకెట్లో ఉమ్మేసింది. రుచి తెలుసుకోవడం వేరు, తాగడం వేరు అని, రోజంతా తోటలు తిరిగేవాళ్ళు అలాగే చేస్తారని అక్కడివాళ్ళు చెప్పారు. ఏ ఉపన్యాసమూ చెప్పలేని సంగతి అది.

పిల్లలు తాగిన ద్రాక్షరసానికీ ఒక కథ ఉంది. 1869లో మా న్యూజెర్సీలోనే, వైన్‌ల్యాండ్ అనే ఊళ్ళో, థామస్ వెల్చ్ అనే దంతవైద్యుడు ద్రాక్షరసం పులియకుండా కాచి సీసాల్లో నింపాడు. ఆయన మద్యానికి వ్యతిరేకి. చర్చిలో ప్రసాదంగా ఇచ్చే వైన్‌కు బదులు ఇంకేదైనా కావాలని చేసిన పని అది. ఇప్పుడు ప్రతి సూపర్ మార్కెట్లో ఉండే వెల్చ్ జ్యూస్ అక్కడ మొదలైంది.

ఆ మాటలోంచే నిషేధం మాట వచ్చింది. 1920 నుంచి 1933 వరకు ఈ దేశమంతటా మద్యం అమ్మకం నేరం. 1860లో ఇక్కడ పెట్టిన ప్లెజంట్ వ్యాలీ వైనరీ లాంటివి చర్చిలకు కావలసిన వైన్ చేసే అనుమతితో నెట్టుకొచ్చాయి, చాలావాటికి తలుపులు మూతపడ్డాయి. అది వింటూ అమ్మ, "మేం కూడా మూయించినాం" అంది. మా అమ్మాయి వెనక్కి తిరిగి, "ఏం మూయించావు అమ్మమ్మా?" అంది.

సరస్సు గట్టున బెంచీ మీద కూర్చుని అమ్మ చెప్పింది. నాకూ ముక్కలు ముక్కలుగానే తెలిసిన కథ. వాళ్ళ అన్న, అంటే మా మామయ్య, సారాకు రెండెకరాలు పోగొట్టుకున్నాడు. ఊళ్ళో కూలిడబ్బులు సాయంత్రానికి సారా ప్యాకెట్లయ్యేవి. జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. ఆడవాళ్ళు రాత్రిబడికి పోయి దిద్దుకుంటున్న వాచకంలో సారాతో చితికిపోయిన కుటుంబం గురించి ఒక పాఠం ఉంది. అది చదివి దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళ వెనుక ఆ ఊరి రోశమ్మ ఉందని ఊరూరా చెప్పుకున్నారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనివ్వకుండా వేలమంది ఆడవాళ్ళు అడ్డం కూర్చుంటే అధికారులు వాయిదాలు వేసుకుంటూ పోయారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం.

"నువ్వు ప్రొటెస్ట్ చేశావా? నువ్వా?" మా అమ్మాయి అదే అడుగుతోంది.

"నేనొక్కదాన్నే కాదు మే. ఊరంతా పోయినాం. చీపుర్లు, కారప్పొడి కూడా తీసుకుని పోయినాం" అంది అమ్మ.

మర్నాడు ఉత్తరంగా సెనెకా ఫాల్స్‌కు బయల్దేరాం. దారిలో పెన్ యాన్ చుట్టుపక్కల గుర్రపు బళ్ళు ఎదురవుతాయి. పాతకాలపు పద్ధతుల్లో బతికే మెన్నోనైట్ అనే క్రైస్తవ శాఖ రైతు కుటుంబాలవి. ఒక కూరగాయల బడ్డీ దగ్గర చిన్నపిల్లలు మాతో ఇంగ్లీషులో లెక్క చెప్పి, అటు తిరిగి వాళ్ళలో వాళ్ళు పెన్సిల్వేనియా డచ్ అనే జర్మన్ యాసలో మాట్లాడుకున్నారు. వాళ్ళ పూర్వీకులు ఐరోపా వదిలి తరాలు గడిచిపోయాయి. ఆ పిల్లలకు ఇంటిభాష నేర్పడానికి ఆదివారం తరగతులు పెట్టాల్సిన పని లేదు, ఇంట్లో వేరే భాష వినపడదు కాబట్టి. మా అబ్బాయి వాళ్ళను చాలాసేపు చూశాడు. నేను ఏమీ అనలేదు.

సెనెకా ఫాల్స్‌లోని వెస్లియన్ చాపెల్‌లో 1848 జూలైలో స్త్రీల హక్కుల సభ జరిగింది. ఆ సభ జరిపించినవాళ్ళలో ఒకరైన ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఇల్లు ఆ ఊళ్ళోనే ఉంది. మద్యానికి వ్యతిరేకంగా అమీలియా బ్లూమర్ 1849లో పత్రిక మొదలుపెట్టిందీ అక్కడే. 1852లో ఆల్బనీలో మద్యనిషేధ సభకు వెళ్ళిన సూజన్ ఆంథొనీని, తరవాత స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడినావిడని, ఆడవాళ్ళు వినడానికే గాని మాట్లాడ్డానికి కాదని ఆపేశారు. ఆమె లేచి బయటికొచ్చి, ఆ ఏడాదే స్టాంటన్‌తో కలిసి ఆడవాళ్ళకు వేరే సంఘం పెట్టింది. అప్పట్లో ఈ రాష్ట్రంలో పెళ్ళయిన ఆడదాని కూలి మీద హక్కు మొగుడిదే. 1860లో చట్టం మారేదాకా అతను దాన్ని తాగేసినా అడిగే దారి లేదు. ఇది తర్జుమా చేస్తుంటే అమ్మ మధ్యలో ఆపి, "ఈళ్ళకీ అంతేనా?" అంది. అమెరికాలో ఇన్నిసార్లు ఉండి వెళ్ళినా, ఈ దేశపు ఆడవాళ్ళ గురించి ఆమె అలా చుట్టరికంగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి అసలు ప్రశ్న వేసింది. "ఇక్కడ 1933లో నిషేధం తీసేశారు. అక్కడ కూడా తీసేశారా?"

"1997లో" అన్నాన్నేను.

"అయితే అమ్మమ్మా, మీరు చేసింది ఓడిపోయినట్టేగా?"

అమ్మకు కోపం రాలేదు. కొట్లు మళ్ళీ తెరిచిన మాట నిజమేనంది. మూసి ఉన్న ఆ కాలంలో తన వదిన చేతిలో కూలిడబ్బు నిలిచిందని, పిల్లవాణ్ణి బడికి పంపిందని, వాడు ఇప్పుడు ఒంగోలులో బస్సు డ్రైవరని చెప్పింది. "వాడి చదువు ఎవుడు ఎత్తేస్తాడు?" అంది. మా అమ్మాయి ఒప్పుకోలేదు. చట్టం పెట్టి తాగుడు మాన్పించలేరని బళ్ళో చెప్పారంది. 1920లోనే ఇక్కడి ఆడవాళ్ళకు ఓటు కూడా వచ్చిందని, నిషేధం పోయినా అది పోలేదని మళ్ళీ తనే అంది. వాదన బింగ్‌హామ్టన్ దాటినా ఆగలేదు. మావారు మధ్యలో ఒక మాట వేయబోతే ఇద్దరూ కలిసి ఆపేశారు. ఇల్లు చేరేలోపు మా అమ్మాయి వచ్చే వేసవి సెలవుల్లో నెల్లూరు వెళ్ళినప్పుడు దూబగుంట తీసుకెళ్తానని అమ్మ చేత మాట తీసుకుంది.