తొక్కు పెట్టే రోజు షికాగో పంచాయితీ

పొద్దున ఆరింటికే హాల్లో పాత చీర పరిచాం. యాభై కాయలు. కత్తిపీట ముందు మా ఆయన, గోడకు ఆనుకుని జీడి తీసి ముక్కలు తుడిచే పనిలో మా మామ, పక్కన కారం, ఉప్పు, ఆవపిండి కొలుచుకుంటూ నేను. మహబూబ్‌నగర్‌లో మే నెలంటే ఎనిమిదిన్నరకే ఒళ్లంతా చెమట, అయినా కారం లేస్తుందని ఫ్యాను బంద్ చేసే కూర్చున్నాం. సరిగ్గా అప్పుడే మావోడి వీడియో కాల్.

వాడుండేది షికాగో. అక్కడ శనివారం రాత్రి పదయింది. ఎర్ర టోపీ పెట్టుకుని, జాకెట్ జిప్పు గదుమ దాకా లాక్కుని గబగబా నడుస్తున్నాడు. ఇక్కడ మేం ఉడికిపోతుంటే అక్కడ వాడి ముక్కు చలికి ఎర్రగా ఉంది. "మ్యాచ్ అయిపోయిందమ్మా, స్టేషన్‌కు నడుస్తున్నా" అన్నాడు. గెలిచారా అంటే "అది అడగకు" అన్నాడు. క్రికెట్ దేశంలో పుట్టి, అక్కడికి పోయి ఈ ఫుట్‌బాల్ పిచ్చి ఏందో. షికాగో ఫైర్ అంట వాళ్ల టీము. 1871లో ఆ ఊరు తగలబడిపోయిందట, ఆ మంట మొదలైన తారీఖే, అక్టోబర్ 8, చూసుకుని 1997లో టీము పేరు ప్రకటించారట. మనమైతే ఊరు తగలబడిన సంగతి టీముకు పేరుగా పెట్టుకుంటామా? అపశకునం అని ఊరంతా లేచేది.

"కొత్త గ్రౌండ్ కడితే నాకు ఇంత నడక తప్పుతుందమ్మా" అన్నాడు. అక్కడే మొదలైంది.

వాళ్లు ఇప్పుడు ఆడే గ్రౌండ్ పేరు సోల్జర్ ఫీల్డ్, 1924 నాటిది. అరవై వేల పైన సీట్లు. అసలు అది వేరే ఆటది, అమెరికా వాళ్ల ఆ గుడ్డు బంతి ఆటది. మెస్సీ వచ్చిన రోజు నిండింది గాని మామూలు రోజుల్లో సగం కూడా నిండదు, ఇరవై వేల మంది అరిచినా ఖాళీ కుర్చీలకే వినిపిస్తుంది అని వీడి బాధ. అందుకని ఓనరు 2025 జూన్‌లో 22 వేల సీట్లతో సొంత స్టేడియం కడతానన్నాడు, సొంత డబ్బుతో, 65 కోట్ల డాలర్లు. ఊరి నడుమ, నది ఒడ్డున, 62 ఎకరాల జాగాలో. ఆ జాగా పేరు ది 78. షికాగోలో లెక్క ప్రకారం 77 పేటలు ఉన్నాయట, ఇది డెబ్బై ఎనిమిదోది అవుతుందని ముందుగానే పేరు పెట్టేసుకున్నారు. ఓనరు పేరు జో మాన్సువెటో, మార్నింగ్‌స్టార్ కంపెనీ పెట్టినాయన. ఆ మాట వినగానే మా ఆయన కత్తి ఆపి తల ఎత్తాడు. "మన మ్యూచువల్ ఫండ్లకు రేటింగ్ చుక్కలు ఇచ్చేది వాడేనా?" వాడే. మా ఎస్ఐపీకి రెండు చుక్కలు వచ్చిన కోపం మా ఆయనకు ఇంకా పోలేదు, ఇక ఆ ఓనరు ఏం చేసినా తప్పే.

మా మామకు మాత్రం డబ్బు సంగతి పట్టలేదు. చేతిలో మామిడి ముక్క అట్లాగే పట్టుకుని, "ఊరి నడుమ 62 ఎకరాలు ఖాళీగ ఎట్ల ఉన్నదిరా?" అన్నాడు.

నాకు తట్టనే లేదు ఆ ప్రశ్న. నిజమే కదా, మన దగ్గర క్లాక్ టవర్ చుట్టుపక్కల రెండు గుంటలు ఖాళీగా కనిపిస్తే మూడో రోజుకు బోర్డు పడుతుంది. వాడు నడుస్తూనే చెప్పాడు, అది పాత రైలు యార్డుల జాగా అంట. ఒకప్పుడు నది అక్కడ వంకర తిరిగి ఉంటే 1920ల చివర్లో తవ్వి తిన్నగా చేశారు, తర్వాత రైళ్లు పోయాయి, పట్టాలు పీకేశారు, దశాబ్దాల పాటు గడ్డి మొలిచి అట్లాగే పడి ఉంది. అదే జాగా మీద బేస్‌బాల్ టీము వాళ్లు కూడా కన్నేశారట. "అట్లయితే రైలోళ్ల జాగా" అని మా మామ తృప్తిగా ముక్క తుడిచి బేసిన్లో వేశాడు. రైతుల దగ్గర గుంజుకున్నది కాదు కదా, ఆయనకు కావలసిందల్లా అది.

ఇక మా ఆయన వాదన. "ఊరి నడుమ ఎందుకు? ట్రాఫిక్ జాం, పార్కింగ్ ఉండదు. హైవే పక్కన కడితే జాగా సస్త, రోడ్డు పెద్దది, కార్లు పెట్టుకోవచ్చు. మన దగ్గర అయితే దివిటిపల్లి కాడ కడతరు." రెండు ప్లాట్లు కొన్న మనిషికి ప్రపంచమంతా హైవే పక్కనే కనిపిస్తుంది, ఏం చేస్తాం.

వీడు అన్నాడు, ఆ పని కూడా చేసి చూశారు నాన్నా అని. 2006లో ఈ టీము కోసం బ్రిడ్జ్‌వ్యూ అనే చిన్న ఊళ్లో స్టేడియం కట్టారు. షికాగో నడిబొడ్డు నుంచి 20 కిలోమీటర్ల దూరం. అచ్చంగా ఫుట్‌బాల్ కోసమే, 20 వేల సీట్లు, ముందు వరుసలో కూర్చుంటే ఆటగాడి బూటు చప్పుడు వినిపిస్తుందట. అన్నీ బాగున్నాయి, అక్కడికి రైలు లేదు. మిడ్‌వే అనే స్టేషన్ దాకా రైలెక్కి, అక్కడ దిగి బస్సు పట్టుకోవాలి. కారు ఉన్నవాడు పోయాడు, లేనివాడు రెండు మ్యాచ్‌లు చూసి మానుకున్నాడు. చివరికి టీమే అక్కడి అగ్రిమెంటు మార్పించుకోవడానికి ఆ ఊరికి ఆరున్నర కోట్ల డాలర్ల పైన కట్టి, 2020లో మళ్లీ సోల్జర్ ఫీల్డ్‌కు తిరిగొచ్చింది. ఆ స్టేడియం కట్టడానికి అప్పు తెచ్చింది టీము కాదు, ఆ ఊరు. జనాభా 17 వేలు, అప్పు పది కోట్ల డాలర్లకు పైమాటే. అంటే మన జడ్చర్ల కంటే ఎంతో చిన్న ఊరు అనుకోండి, అది తన ఇంటిపన్నుల మీద స్టేడియం కట్టి, టీము వెళ్లిపోతే అప్పు పట్టుకుని కూర్చుంది.

"జాగా సస్త అన్నవ్ గదా" అని మా మామ మా ఆయన వైపు చూశాడు, అంతే, ఇంకో మాట అనలేదు. మా ఆయన నాలుగు కాయలు గట్టిగా కొట్టాడు.

నాకు మాత్రం ఈ మాట దగ్గర హైదరాబాద్‌లో మన బస్సులు ఎక్కే ఆరాంఘర్ చౌరస్తా గుర్తొచ్చింది. వీడు హైదరాబాద్‌లో బీటెక్ చదివేటప్పుడు, 2022 చలికాలంలో, మమ్మల్ని గచ్చిబౌలి స్టేడియానికి తీసుకుపోయాడు. ఆ ఏడాది మార్చిలోనే హైదరాబాద్ ఎఫ్‌సీ గోవాలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి ఛాంపియన్ అయింది, వీడు నేల మీద లేడు. నా చేతికి కూడా పసుపు రిబ్బన్ కట్టాడు. ఆట నాకు సగం అర్థం కాలేదు గాని, ఓగ్‌బెచె అని ఒక పెద్దాయన బంతి దగ్గరికి వస్తే జనం లేచి నిలబడేవాళ్లు, నేనూ లేచాను, బాగుంది. నిజంగా బాగుంది. ఏడున్నరకు మొదలై తొమ్మిదిన్నరకు అయిపోయింది. అప్పుడు మొదలైంది అసలు ఆట. అక్కడికి మెట్రో రాదు. ఆటోవాళ్లు ఆరాంఘర్ అంటే ముఖం తిప్పుకుంటున్నారు. యాప్‌లో క్యాబ్ రేటు చూస్తుండగానే పెరుగుతోంది. ఎట్లాగో ఆరాంఘర్ చౌరస్తాకు వచ్చేసరికి పదకొండు దగ్గర పడింది, వచ్చిన ప్రతి బస్సుకూ చెయ్యి ఊపడం, అది ఆగకుండా పోవడం. పదకొండూ నలభైకి ఒకటి ఆగింది, షాద్‌నగర్ దాకా నిలబడే వచ్చాం. ఇంటికి చేరేసరికి రెండు. చేతికి ఆ రిబ్బన్ ఇంకా ఉంది. ఆ తర్వాత వాడు ఎన్నిసార్లు పిలిచినా మళ్లీ పోలేదు. టికెట్ డబ్బులు లేక కాదు, ఆట నచ్చక కాదు. మ్యాచ్ ఎట్లా చూడాలో అందరూ ఆలోచిస్తారు గాని చూశాక మనిషి ఇంటికి ఎట్లా పోవాలో ఎవరికీ పట్టదు.

ఇప్పుడు ఆ టీమే లేదు. 2025లో ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారింది. షికాగో వాళ్లకు సొంత స్టేడియం లేక తిప్పలు, మనకు స్టేడియం ఉంది, టీము పోయింది.

మా మామకు ఫుట్‌బాల్ అంటే ఫతే మైదాన్, ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం. వయసులో ఉన్నప్పుడు మీటర్ గేజ్ రైల్లో కాచిగూడలో దిగి, రిక్షా బేరం కుదరకపోతే నడిచే పోయేవాళ్లట. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సంగతి, రహీం సాబ్ కోచ్‌గా ఉండగా 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో ఇండియాకు బంగారు పతకం వచ్చిన సంగతి మాకు ప్రతి ఎండాకాలం ఒకసారి వస్తుంది, తొక్కుతో పాటే. ఈసారి కూడా వచ్చింది. కాకపోతే ఈసారి ఉప్పు డబ్బాను స్టేడియం చేసి, కారం గిన్నెను స్టేషన్ చేసి, మధ్యలో రెండు ముక్కలు పెట్టి, "గింత దూరం, నడిస్తే అయిపాయె" అని చూపించాడు. షికాగోలో కూడా అంతే తాతా, కొత్త జాగాకు రూజ్‌వెల్ట్ స్టేషన్ పక్కనే, మూడు లైన్ల రైళ్లు ఆగుతాయి అన్నాడు వీడు. మా మామ ఓటు అక్కడే పడింది. సిటీ కౌన్సిల్ 2025 సెప్టెంబర్‌లోనే ఒప్పుకుందని తర్వాత చెప్పాడు గాని, మా మామ తన ఓటు వల్లే అయిందన్నట్టు తల ఊపాడు.

అయితే వాడి రూమ్మేట్‌కు ఇష్టం లేదట. ఆ దగ్గర్లోనే ఉంటాడు, మ్యాచ్ రోజు రోడ్లు ఆగిపోతాయి, అద్దెలు పెరుగుతాయి అని. పక్కనున్న చైనాటౌన్ వాళ్లకూ అదే భయం. స్టేడియం ఓనరు డబ్బే గాని చుట్టూ రోడ్ల లాంటివాటికి పన్నుల డబ్బు ఎందుకు అని ఇంకో గొడవ. అదీ న్యాయమే. నేను వింటూ వింటూ ఆవపిండి రెండుసార్లు వేశానేమో అని ఇప్పటికీ అనుమానంగా ఉంది. పెట్టాక పది రోజులకు గాని తెలియదు.

"ఏడ గట్టినా తట్టలు మోసేది పాలమూరోళ్లే అనేటోళ్లం" అని మా మామ చివరగా అన్నాడు. ఆయన తమ్ముడు డ్యాం పనికి పోయి అక్కడే ఉండిపోయినోడు. ఆ మాట తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఫోన్లో వాడు స్టేషన్ మెట్లు ఎక్కుతున్న చప్పుడు. తర్వాత సిగ్నల్ పోయింది.

సాయంత్రం రోజూలాగే స్టేడియం గ్రౌండ్‌కు నడకకు పోయాం. వేసవి క్యాంపు నడుస్తోంది. అమ్మాయిలు పన్నెండు మంది దాకా ఫుట్‌బాల్ ఆడుతున్నారు, దుమ్ము మోకాళ్ల దాకా. నేను రెండో రౌండ్ వచ్చేసరికి ఒక పిల్ల ఆట మధ్యలో బయటికి వచ్చి గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుతోంది. ఒక బూటుకు అడుగు ఊడి దబ్బనంతో కుట్టిన దారం కనిపిస్తోంది. రెండింటినీ ఒక బియ్యం సంచిలో పెట్టి, హవాయి చెప్పులు వేసుకుంది. అప్పుడే పోతున్నవేందమ్మా అంటే "బస్సు పోతదాంటీ, గిదే ఆఖరిది" అంది. కోచ్ సారు చెయ్యి ఊపాడు, ఆమెకు ఇది రోజూ ఉండేదే అన్నట్టు. వెనకాల ఆట ఆగలేదు, పదకొండు మందితోనే నడుస్తోంది. ఆ పిల్ల గేటు దాటుతూ ఒకసారి వెనక్కి చూసి, ఎవరో గోల్ కొట్టినట్టున్నారు, అరుపు వినిపిస్తే నవ్వి, సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు పరుగు తీసింది.

మా ఆయనతో అన్నాను, దివిటిపల్లి కాడ కడితే ఈ పిల్ల వస్తదా అని. "ఎవరు కడుతున్నరే ఇప్పుడు, ఊకె మాట్లాడుకునుడే గదా" అన్నాడు. మూడో రౌండ్ అంతా మాట్లాడలేదు. నాలుగో రౌండ్‌లో మాత్రం, "ఆ బూట్ల సైజు ఎంత ఉంటది?" అన్నాడు.

ఇంటికొచ్చి ఫోన్ చూస్తే పొద్దున్నే వాడి మెసేజ్ పడి ఉంది, తొక్కు గోలలో చూసుకోలేదు. పదీ నలభైకే గదికి చేరాడట. రాత్రి మామకు బీపీ గోలీ ఇచ్చి నీళ్లు పట్టుకుంటే, గోలీ చేతిలోనే పెట్టుకుని అడిగాడు, "ఆ చిన్న ఊరోళ్లు అప్పు కట్టుడు అయిపోయిందా బిడ్డా?"

ఇంకా కడుతూనే ఉన్నారంట మామా అన్నాను.

"టీము పోయినంక గూడ?" అని, గోలీ వేసుకుని అటు తిరిగి పడుకున్నాడు.