నిప్పు పెట్టి కాపాడుకునే గడ్డి నేల

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం తూర్పు భాగంలో ఉత్తర దక్షిణాలుగా సాగే ఫ్లింట్ హిల్స్ అనే కొండల మీదుగా కారులో వెళ్లేవారిలో చాలామందికి అక్కడ ఫొటో తీయదగినదేదీ కనిపించదు. పెద్ద చెట్లు లేవు, శిఖరాలు లేవు; గడ్డి కప్పిన గుట్టలూ వాటిపైన ఆకాశమూ మాత్రమే ఉంటాయి. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు గురించి ఆసక్తిగా అడిగే మిత్రులు ఈ కొండల మాట ఎత్తకపోవడానికి కారణం అదే. ఒకప్పుడు ఉత్తర అమెరికాలో దాదాపు 17 కోట్ల ఎకరాల్లో పరుచుకుని ఉన్న నిలువెత్తు గడ్డి ప్రెయిరీలో, అంటే చెట్లు లేని గడ్డి మైదానంలో, నేడు మిగిలింది 4 శాతం లోపే. ఆ మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఈ కొండల్లోనే ఉంది.

1837లో జాన్ డీర్ ఉక్కు నాగలిని తయారుచేసిన తరువాత ఇల్లినాయ్, అయోవా ప్రాంతాల్లోని నల్లటి ప్రెయిరీ నేల కొన్ని దశాబ్దాల్లోనే దుక్కిలోకి వచ్చి, మొక్కజొన్న చేలుగా మారిపోయింది. ఇక్కడ మాత్రం పైనున్న పలుచటి మట్టి పొర కిందనే సున్నపురాయీ, దానిలో పొరలు పొరలుగా చెకుముకి రాయీ ఉండడంతో నాగలి దిగలేదు. దున్నడానికి పనికిరాని నేలను పశువుల మేతకు వదిలారు కనుకనే ఈ గడ్డి బతికింది.

ఇక్కడి ప్రధానమైన గడ్డి బిగ్ బ్లూస్టెమ్. వానలు బాగా కురిసిన ఏడాది సెప్టెంబరు నాటికి మనిషిని మించి ఎదుగుతుంది. దాని వేళ్లు రెండు మీటర్ల లోతుకు పైగా దిగుతాయి. మన జొన్న, చెరకు, వట్టివేరు చేరే తెగకే ఇదీ చెందుతుంది కాబట్టి, జొన్న చేల మధ్య పెరిగినవారికి దాని ఆకూ కణుపూ చూడగానే పరిచయమైనవిగా అనిపిస్తాయి. చిగురు వేసే మొగ్గలు నేల మట్టానికి కిందనే ఉండడం వల్ల పైభాగం కాలిపోయినా, పశువు మేసినా మొక్కకు ప్రాణాపాయం లేదు. ప్రెయిరీ సంపదలో ఎక్కువ వంతు భూమి లోపలే ఉంటుంది, కెమెరాకు అందేది తక్కువ. ఫొటోగ్రాఫర్‌గా నన్ను ఈ నేల పట్టి నిలిపింది ఈ సంగతే.

ఈ గడ్డిని ఎవరూ ముట్టకుండా వదిలేస్తే అది గడ్డిగా మిగలదు. ఇక్కడి మూలవాసులైన కా, ఓసేజ్ ప్రజలు తరతరాలుగా ఈ నేలకు నిప్పు పెడుతూ వచ్చారు. నేటి పశుపోషకులు వసంతంలో, ముఖ్యంగా ఏప్రిల్‌లో, అదే పని చేస్తున్నారు. కాన్సస్‌లోనే ఉన్న మన్‌హాటన్ పట్టణం దగ్గర, కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధనలు నడిపే కోంజా ప్రెయిరీలో ఒక్కొక్క వాలును ఒక్కొక్క గడువు ప్రకారం, ఏటా, రెండేళ్లకు, నాలుగేళ్లకు, ఇరవయ్యేళ్లకు ఒకసారి కాల్చి ఏమవుతుందో దశాబ్దాలుగా గమనిస్తున్నారు. సుమారు మూడేళ్లకొకసారైనా మంట తగలని చోట పొదలు పైచేయి సాధిస్తాయని ఆ పరిశోధనలు తేల్చాయి. మొదట డాగ్‌వుడ్ పొదలు గుంపులుగా అల్లుకుంటాయి, ఈస్టర్న్ రెడ్ సీడర్ చెట్లు మొలుస్తాయి, వాటి నీడలో గడ్డి చచ్చిపోతుంది. లేత సీడర్ ఒక్క మంటకే చస్తుంది, ఎదిగినదాన్ని నరకవలసి వస్తుంది. డాగ్‌వుడ్ వేరు నుంచి మళ్లీ మొలుస్తుంది కాబట్టి, అది ఒకసారి పాతుకున్నాక నిప్పు ఒక్కటే చాలదు.

చెట్టు నాటడమే ప్రకృతి సేవ అని చిన్నప్పటినుంచీ విన్న మనకు, చెట్టును నరకడం కూడా సంరక్షణే అవుతుందన్న మాట ఒక పట్టాన మింగుడుపడదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. ఆ పక్షికి కావలసినది చెట్ల నీడ కాదు, పొట్టి గడ్డి ఉన్న విశాలమైన బయలు. మన దగ్గర ఇటువంటి నేలలను బంజరు పద్దులో రాసి చెట్లు నాటే చోటల్లా ఈ విషయాన్ని గుర్తుచేయవలసి ఉంది.

నిప్పు తరువాత మేత గురించి చెప్పాలి. కోంజాలోకి 1987లో బైసన్లను, అంటే అమెరికా అడవి దున్నలను, తిరిగి తెచ్చారు. బైసన్ ఎక్కువగా గడ్డినే మేసి పూల మొక్కలను చాలావరకు వదిలేస్తుంది, దుమ్ములో పొర్లి గుంటలు చేస్తుంది, ఆ గుంటల్లో వాన నీరు నిలిచి వేరే రకాల మొక్కలు వస్తాయి. దాదాపు మూడు దశాబ్దాల లెక్కల ఆధారంగా 2022లో వెలువడిన పరిశోధన ప్రకారం, బైసన్లు మేసిన చోట స్థానిక మొక్కల జాతుల సంఖ్య మేత లేని చోటికంటే రెట్టింపయింది. ఆవుల మేత వల్ల కూడా పెరిగింది గానీ, అంతగా కాదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానిని దాచకుండా చెప్పడం అవసరం. పశువులు త్వరగా బరువెక్కాలని కొండలన్నిటినీ ఏటా కాల్చి, వెంటనే పెద్ద మందలను తోలితే, నిరుటి ఎండుగడ్డి మాటున గూడు కట్టే ప్రెయిరీ చికెన్ అనే పక్షికి చోటు దొరకదు. అందుకే మేత భూమిని మూడు భాగాలు చేసి ఏడాదికి ఒక భాగాన్నే కాల్చే పద్ధతి వచ్చింది. కొత్త చిగురు ఉన్న భాగానికే పశువులు వెళతాయి కాబట్టి మిగిలిన రెండు భాగాల్లో గడ్డి ఎత్తుగా నిలుస్తుంది, పక్షికి కావలసిన రకరకాల ఎత్తులు ఒకే కంచెలో దొరుకుతాయి. నా అభిప్రాయంలో ఈ కొండల భవిష్యత్తు ఈ పద్ధతిని ఎంతమంది పశుపోషకులు అందుకుంటారన్నదాని మీదే ఆధారపడి ఉంది, ఎందుకంటే ఇక్కడి భూమిలో అత్యధిక భాగం వారి సొంతం.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రెయిరీ చికెన్ మగ పక్షులు తెల్లవారుజామున ఒక ఎత్తయిన బయలుకు చేరి, మెడ పక్కల నారింజ రంగు సంచులు ఉబ్బించి గంభీరంగా ధ్వనిస్తూ ఆడతాయి. వాటిని ఫొటో తీయాలంటే చీకటి ఉండగానే మాటు గుడారంలోకి చేరి, పక్షులన్నీ తమంతట తాము వెళ్లిపోయేవరకు బయటికి రాకూడదు. ఒక మంచి చిత్రం కోసం ముందే లేచినా జత కట్టే వేళ చెదిరిపోతుంది.

మిగతా కాలంలో ప్రెయిరీని తీయడానికి మోకాళ్ల మీద కూర్చోవడమే మార్గం. ఇక్కడ గాలి ఆగదు కనుక షట్టర్‌ను సెకనులో వెయ్యోవంతుకు దగ్గరగా ఉంచుతాను. పొద్దు వాలేవేళ సూర్యుడికి ఎదురుగా కెమెరా పెడితే బ్లూస్టెమ్ కంకి మూడు పాయలూ వెలుగుతాయి. జూన్‌లో బటర్‌ఫ్లై మిల్క్‌వీడ్ నారింజ పూలూ, లెడ్‌ప్లాంట్ ఊదా కంకులూ వస్తాయి.

అయితే పూలనూ సూర్యాస్తమయాలనూ మాత్రమే చూపితే ఈ నేల తనంతట తానే ఇలా ఉందనే భ్రమ కలిగిస్తామని నాకు గట్టిగా అనిపిస్తుంది. నల్లగా కాలిన వాలునూ, మండే ఇంధనాన్ని చుక్కలుగా కార్చే డ్రిప్ టార్చ్ పట్టుకుని గాలి దిక్కు చూసుకుంటూ నడిచే మనుషులనూ, నరికి కుప్పవేసిన సీడర్ కొమ్మలనూ కూడా తీయాలి. అంతకంటే ముఖ్యంగా, ఒకే చోట నిలబడి, ఒకే లెన్సుతో, ఒకే దిక్కుకు ఏటా ఒక ఫొటో తీసి తేదీ రాసిపెట్టాలి. పొద ఎంత ముందుకు వచ్చిందో ఆ వరుస చూసినవారికి వివరణ లేకుండానే తెలుస్తుంది. భూమి యజమానికి అది నేరుగా పనికొస్తుంది. ఈ కొండలకు దగ్గరలో ఉన్న తెలుగువారెవరైనా ఇలాంటి వరుస మొదలుపెట్టాలనుకుంటే, కోంజాలో సందర్శకులకు తెరిచిన కాలిబాటలు ఉన్నాయి, స్ట్రాంగ్ సిటీ దగ్గర 1996లో ఏర్పడిన జాతీయ ప్రెయిరీ సంరక్షణ కేంద్రమూ ఉంది. మొదటి చిత్రాన్ని ఏప్రిల్‌లో, నేల కాలిన వారంలోనే తీయండి.