హ్రియా దేయమ్: పరీక్ష ఎవరికి?

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలోని పదకొండవ అనువాకం, చదువు ముగించి ఇంటికి బయలుదేరే శిష్యుడికి ఆచార్యుడు చేసే అనుశాసనం. "సత్యం వద, ధర్మం చర" అన్న తొలి మాటలు అందరికీ తెలిసినవే. ఆ తరువాత వచ్చే దానవాక్యాలను మాత్రం వల్లించి దాటిపోతుంటాము: "శ్రద్ధయా దేయమ్, అశ్రద్ధయాఽదేయమ్, శ్రియా దేయమ్, హ్రియా దేయమ్, భియా దేయమ్, సంవిదా దేయమ్." శ్రద్ధతో ఇవ్వాలి, అశ్రద్ధతో ఇవ్వరాదు, కలిమికి తగినట్టు, సిగ్గుపడుతూ, భయంతో, మైత్రితో ఇవ్వాలి. ఈ ఆరు వాక్యాలలో పుచ్చుకునేవాడి గుణదోషాల ప్రసక్తే లేదు. పరీక్షలన్నీ ఇచ్చేవాడికే.

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2011 జులై 1 నుండి దీనికి తలకిందులైన చట్టాన్ని అమలు చేసింది. పిల్లలున్న పేద కుటుంబాలకిచ్చే నగదు సాయం కోరి దరఖాస్తు పెట్టుకునే పెద్దలు, తమపై ఏ అనుమానమూ లేకపోయినా, మాదకద్రవ్యాలు వాడటం లేదని మూత్రపరీక్షతో రుజువు చేసుకోవాలి. ఆ పరీక్ష ఖర్చు కూడా ముందుగా వారే పెట్టుకోవాలి, ఏ దోషమూ లేదని తేలితేనే అది తిరిగి వస్తుంది. ముగ్గురున్న ఇంటికి నెలకు గరిష్ఠంగా అందేది 303 డాలర్లు. అక్టోబరు 24న ఫెడరల్ న్యాయమూర్తి మేరీ స్క్రివెన్ ఆ చట్టాన్ని నిలిపివేశారు. అప్పటివరకు పరీక్షకు ఒప్పుకున్న 4,046 మందిలో దోషం కనిపించినది 108 మందిలోనే. నిష్కారణమైన సోదాల నుండి పౌరులను కాపాడే రాజ్యాంగపు నాలుగవ సవరణకు ఇది విరుద్ధమని 2014 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా తేల్చింది.

న్యాయస్థానం చెప్పినది హక్కుల మాట. విశ్వాసులు ఇటువంటి చట్టాలను వ్యతిరేకించడానికి అంతకంటే పాత ఆధారాలున్నాయి. ఆకలిగొన్నవారికి పెట్టినది తనకే పెట్టినట్టని యేసు చెప్పిన మాట మత్తయి సువార్త 25వ అధ్యాయంలో ఉన్నది. ఆకలిగా ఉన్నది, తిండి పెట్టమని అడిగిన అపరిచితుడిని మోసగాడేమోనని విచారించకుండా వెంటనే పెట్టాలని 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ తన ధర్మశాస్త్రంలో విధించాడు.

గీతలో "దేశే కాలే చ పాత్రే చ" అని ఉన్నది కదా, పాత్రత చూడవద్దా అని మనవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పదిహేడవ అధ్యాయంలోనే, అపాత్రదానాన్ని తామసమన్న శ్లోకమే "అసత్కృతమవజ్ఞాతమ్" అని, ఆదరం లేకుండా, అవమానించి ఇచ్చినదాన్ని కూడా తామసంలోనే చేర్చింది. వేల మందిని నేరస్థులవలె నిలబెట్టి నూట ఎనిమిది మందిని ఏరడం ఆ అవమానం కాక మరేమిటి? ఆ నూట ఎనిమిది మందికైనా కావలసినది వైద్యం. వారి ఇంటి పిల్లలకు కావలసినది అన్నం. పైగా ప్రజల పన్నులతో ప్రభుత్వం చేసే సాయం నిజానికి దానం కూడా కాదు, పాలించేవారి ధర్మం. ఈ మాట అంటున్నప్పుడు, అన్నం పెట్టే పంక్తిలో కులం అడిగిన మన పూర్వపు దోషం గుర్తుకు వచ్చి నా తల వంగుతుంది. "హ్రియా" అన్న మాట నాకు అక్కడే అర్థమయింది.

అనువాకం దానంతో ముగియదు. నడవడిలో సందేహం కలిగితే, ఆలోచనాపరులై, ధర్మకాములై, "అలూక్షాః", అంటే కఠినులు కాని పెద్దలు ఎలా వర్తిస్తారో చూసి అలా వర్తించమంటాడు ఆచార్యుడు. వెంటనే "అథాభ్యాఖ్యాతేషు" అని మరొక సందర్భాన్ని విడిగా ఎత్తుకుంటాడు. ఎవరో అంటగట్టిన సందేహాస్పదమైన దోషాన్ని మోస్తున్నవారు అని ఆ పదానికి శంకరులు భాష్యం చెప్పారు. అటువంటివారి పట్ల కూడా, ఆ కఠినులు కాని పెద్దలు ఎలా వర్తిస్తారో అలాగే వర్తించమని ఆచార్యుడు అవే మాటలను మళ్ళీ పూర్తిగా పలుకుతాడు.