మత్తు డాక్టరు దగ్గర

అమ్మ కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ ఈ గురువారం అనుకున్నాం. ఎముకల డాక్టరు పది నిమిషాల్లో పంపించేశాడు. ఇవాళ పూటంతా మత్తు డాక్టరు దగ్గరే గడిచింది.

"నన్ను పూర్తిగా నిద్రపుచ్చెయ్యండి. నడుముకి సూది మాత్రం వద్దు" అంది అమ్మ, ఇంకా కూర్చోకముందే. నేను పుట్టినప్పుడు సిజేరియన్‌కి నడుములో మత్తిచ్చారట. అప్పట్నుంచీ నడుం నొప్పెట్టినప్పుడల్లా తప్పు ఆ సూదిదే. కాస్త నాది కూడా.

డాక్టరమ్మ నవ్వలేదు. అది నాకు నచ్చింది. "గుచ్చినచోట కొన్నాళ్లు సలుపుంటుందమ్మా. ఏళ్ల తరబడి నొప్పికి మాత్రం అది కారణం కాదు" అంది. కట్టెల పొయ్యి ఊదిన ఊపిరితిత్తులు అమ్మవి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. జనరల్, అంటే పూర్తిగా నిద్రపుచ్చే మత్తు అయితే గొట్టం వేసి మెషీన్‌తో ఊపిరాడించాలి. స్పైనల్, అంటే నడుములో సూదితో ఇచ్చే మత్తులో నడుం కిందే మొద్దుబారుతుంది, ఊపిరి అమ్మే తీసుకుంటుంది. అందుకే ఆవిడ మొగ్గు స్పైనల్ వైపు.

అప్పుడు బయటపడింది అసలు భయం. "మరి ఎముక కోసే చప్పుడు వినాలా?"

మగత మందిస్తారట, చెవుల్లో ఇయర్‌ఫోన్లూ పెట్టుకోవచ్చట. అమ్మ మొహం తేలికపడింది.

నా టెన్షన్ వేరే. స్పైనల్ దిగేది రెండు నుంచి నాలుగు గంటల్లో, ఆ రాత్రి సంగతేంటి? అల్ట్రాసౌండ్‌లో చూస్తూ తొడ మధ్యలో నరం పక్కన ఇంకో సూది వేస్తారట, నెర్వ్ బ్లాక్. గజ్జ దగ్గరిస్తే తొడ కండ పట్టు తప్పుతుంది. ఇక్కడైతే నొప్పి తగ్గుతుంది, వాకర్ పట్టుకుని నిలబడే బలమూ ఉంటుంది. పారాసెటమాల్ నొప్పి లేచాక కాదు, వేళ ప్రకారం. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువగా, 1.6 ఉంది కాబట్టి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు జోలికి వెళ్లొద్దంది.

చివర్లో మందుల సంచీ బల్లమీద బోర్లించాం. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే క్లోపిడోగ్రెల్ చూసి ఆవిడ ఆగిపోయింది. "ఇదెప్పుడు ఆపారు?"

ఆపలేదు. ఆపమని ఎవరూ చెప్పలేదు! 5-7 రోజుల ముందు మానకుండా వెన్నులో సూది వేస్తే లోపల రక్తం కారి, గడ్డలా పేరుకుని నరాల్ని నొక్కే ప్రమాదముందట. అక్కడినుంచే గుండె డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన సరేనన్నాకే ఆపమంది. గురువారం కాస్తా వచ్చే గురువారమైంది.

నాకు ఒళ్లు మండింది, సెలవు మళ్లీ అడగాలి. అమ్మకేం, ఆటోలో కూర్చోగానే, "ఆ ఇయర్‌ఫోన్లలో పాటలొద్దురా, సీరియలెక్కించు. వారం ఎపిసోడ్లూ" అంది.