ముగ్గుపిండితో గీసిన మ్యాప్

వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లు రాకుండా ఏం చేయాలో తేల్చడానికి మూసీ పక్క బస్తీవాళ్లనీ, ఎగువ కాలనీవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టే పని నా నెత్తిన పడింది. హాలు, కుర్చీలు ఎలాగో కుదురుతాయి. టెన్షనంతా టైముతోనే. ఆదివారం పొద్దున కాలనీవాళ్లకు సుఖం. తెల్లారకముందే చీపురు పట్టే సఫాయి అక్కలకు అది డ్యూటీ. వాననీళ్లు, మురుగు పోయే నాలాలో ఏముందో వాళ్లకంటే ఎవరికి తెలుసు? మధ్యాహ్నం మూడింటికి పెట్టాం.

ప్రొజెక్టర్ వద్దన్నాను. తెర మీద బొమ్మ పడితే చదువుకున్నవాళ్లే మాట్లాడతారు. నేల మీద ముగ్గుపిండితో వీధులు, నాలా, కల్వర్టు గీసి, 2020 అక్టోబర్ 13 రాత్రి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడ పసుపు చల్లమన్నాం. ఇక గోలే గోల, సగం తెలుగు, సగం దక్కనీ. ఓ చాచా ఏకంగా 1908 వరదకు వెళ్లిపోయాడు. ఆ దెబ్బకే తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు, నిజమే. కానీ మమ్మల్ని ముంచేది మూసీ కాదు, నాలా.

ఇంతలో ఓ సఫాయి అక్క లేచి కల్వర్టు మీద కాలు పెట్టింది. "ఈడ పరుపులు, కొబ్బరిబోండాలు, ఇల్లు కూలగొట్టిన మలబా. మలబా మా బస్తీది కాదు సార్." కాలనీవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకైతే లోపల భలే సంతోషం!

మలబా ఎత్తించే బాధ్యత కాలనీ సంఘం రాసిచ్చింది. వానలకు ముందు ఇంకోసారి కూర్చోవాలి, ఈసారి బస్తీలోనే అని అక్క షరతు. గుడి ముందు షెడ్డు అడుగుతున్నాం.