ఆడవారి సైజులో నా జోర్డాన్ త్రీ

హనుమకొండ నుంచి జోర్డాన్ త్రీ లాంటి, కొద్ది జతలే వచ్చే బూట్లు కొనాలంటే మొదటి దారి ఆన్‌లైన్ డ్రా, అంటే లాటరీ. పేరు, సైజు ఇచ్చి కూర్చోవాలి. నాకు ఎప్పుడూ ‘ఈసారి రాలేదు’ అన్న సందేశమే వచ్చేది. ఇక మిగిలింది రీసేల్, అంటే ముందే కొన్నవాళ్ల దగ్గర మళ్లీ కొనడం.

నేను వెతికింది అట్లాంటాకు చెందిన ‘అ మా మానియేర్’ దుకాణం, జోర్డాన్ కంపెనీ కలిసి 2021లో తెచ్చిన ఎయిర్ జోర్డాన్ 3. అసలు బూటు నైకీ డిజైనర్ టింకర్ హాట్‌ఫీల్డ్ రూపొందించినది, 1988లో వచ్చింది. మడమ దగ్గర గాలి సంచి బయటికి కనబడటం, ఎగిరే మనిషి బొమ్మ, రెండూ జోర్డాన్ బూట్లలో దీనితోనే మొదలయ్యాయి. ఆ ఏడాది షికాగోలో, ఎగిరి బంతిని బుట్టలో వేసే డంక్ పోటీలో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ ఫ్రీత్రో గీత దగ్గర గాల్లోకి లేచింది కూడా వీటితోనే. ముందూ వెనుకా ఏనుగు చర్మంలా ముడతలుండే అచ్చు దీని గుర్తు. అట్లాంటా వాళ్లు సరిగ్గా దాన్నే తీసేసి బూడిదరంగు స్వెడ్, అంటే నూగుతోలు, వేశారు. లోపల బొంత కుట్టినట్టు శాటిన్ పరిచారు. పాత బూటు ఎరిగినవాడికే ఇందులో లేనిదేమిటో తెలుస్తుంది. సేకరించేవాళ్లను పట్టి లాగేది అదే. పేరున్న గాయకుడి సంతకం ఉంటే చాలనుకునే జతలు నాకంతగా నచ్చవు.

చిక్కు సైజుతో వచ్చింది. తమను పెంచింది ఆడవాళ్లేనన్న భావంతో ఆ దుకాణం వాళ్లు దీన్ని ఆడవారి సైజుల్లో విడుదల చేశారు. మగవారి అమెరికా సైజుకు ఒకటిన్నర కలపాలి: నా 9 అక్కడ 10.5. యూకే లెక్కలో రెండూ 8 కాబట్టి అదే అడగడం మేలు. ఈ సంగతి చెబితే అమ్మ, “పెంచినవాళ్లకు ఒక జత ఊరికే ఇచ్చారా మరి, బిడ్డా?” అంది.

హైదరాబాద్‌లో ఒకతని దగ్గర దొరికింది. డబ్బు ముందే పంపనని చెప్పి, బస్సులో ఉప్పల్ వెళ్లి కలిశాను. డబ్బా మీది కోడ్, బూటు లోపలి చీటీ మీది కోడ్ ఒకటేనా అని చూశాను. శాటిన్ కుట్లు రెండు కాళ్లకూ ఒకే తీరుగా ఉన్నాయా అని వేలితో తడిమాను. “ఒక్కసారి కూడా తొడగలేదన్నా” అన్నాడతను. అది నాకు ధైర్యం ఇచ్చే మాట కాదు. ఈ బూటు మిడ్‌సోల్, అంటే అడుగుకూ పై భాగానికీ మధ్య ఉండే మెత్తటి పొర, పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగు. గాలిలోని తేమకు ఏళ్ల మీద దాని పట్టు సడలుతుంది, డబ్బాలో కదలకుండా ఉన్నా చివరికి పొడిగా రాలుతుంది. బొటనవేలితో మడమ దగ్గర గట్టిగా నొక్కాను. లోపలికి వెళ్లి మళ్లీ పైకి వచ్చింది, పగుళ్లు లేవు. మిడ్‌సోల్ కొంచెం పసుపుగా ఉందని బేరం ఆడలేం, కొత్తలోనే పాతబడినట్టు ఆ రంగు వేశారు. 200 డాలర్ల బూటుకు రెట్టింపు దాటి ఇచ్చాను.

వానాకాలం తేమకు భయపడి బీరువాలో దాచకుండా వారానికోసారి తొడుగుతున్నాను. కాజీపేట స్టేషన్ దాకా నడిస్తే ఇంతవరకు ఒక్కరూ గుర్తుపట్టలేదు. మరో జత కోసం డ్రాలో పేరు ఇచ్చాను, ఈసారి మగవారి సైజే.